‘ఔట్‌పుట్ వచ్చేసింది సార్’ దగ్గరే ఆగిపోయే పిల్లలతో మంచి ప్రోగ్రాములు రాయించడం ఎలా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. సెకండ్ ఇయర్ సీఎస్‌ఈ వాళ్లకి డేటా స్ట్రక్చర్స్ (ప్రోగ్రాంలో విలువల్ని అమర్చే పద్ధతులు) ల్యాబ్ తీసుకుంటున్నారు. సెక్షన్‌లో 64 మంది, వారానికి ఒక్క ల్యాబ్, మూడు గంటలు. పిల్లలు ఏదో ఒక ఇన్‌పుట్ ఇచ్చి, ఔట్‌పుట్ కనపడగానే రికార్డులోకి ఎక్కించేస్తున్నారు. అదే ప్రోగ్రాంలో చిన్న మార్పు చెయ్యమంటే చేతులెత్తేస్తున్నారు. కోడింగ్ స్టాండర్డ్స్ మీద రెండు క్లాసులు చెప్పినా ఏమీ మారలేదు, ఇంకేం చెయ్యాలి అని.

నేను పదకొండేళ్లు హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసి, గత తొమ్మిదేళ్లుగా ఇంజినీరింగ్ కాలేజీలో ల్యాబులు తీసుకుంటున్నాను. మీరు రాసిన ప్రతి లైనూ నా మొదటి సంవత్సరంలో నేను చూసిందే. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ఆ రెండు క్లాసులు ఎందుకు పని చెయ్యలేదో ముందు చూద్దాం. మన ల్యాబులో పుట్టే ప్రోగ్రాం ఆయుష్షు మూడు గంటలు. ఎయిమ్, ఆల్గరిథం, సోర్స్ కోడ్, ఔట్‌పుట్, రిజల్ట్ అని రికార్డులో రాసేస్తే దాని పని అయిపోయినట్టే. ఆల్గరిథం కూడా ప్రోగ్రాం అయ్యాక, ప్రోగ్రాం చూసి రాస్తారు. మర్నాడు దాన్ని ఎవరూ రన్ చెయ్యరు, ఇంకొకరు చదవరు, అది తప్పయితే ఎవరి పనీ ఆగదు. అలాంటప్పుడు వేరియబుల్‌కి మంచి పేరు పెట్టు, ఫంక్షన్లుగా విడగొట్టు అంటే పిల్లవాడికి అది మనం పెట్టిన అదనపు చాకిరీలా కనిపిస్తుంది. కంపెనీలో నాకు ఆ అలవాట్లు అబ్బింది ఎవరో చెప్పినందుకు కాదు. ఆరు నెలల కింద నేను రాసిన బిల్లింగ్ రిపోర్టు, ఒక నెలాఖరున తప్పు మొత్తాలతో తిరిగి నా దగ్గరికే వచ్చింది. నేను రాసిందే నాకు అర్థం కాక తెల్లారేదాకా దాని ముందు కూర్చున్నాను. ఆ తర్వాత పేర్లు జాగ్రత్తగా పెట్టమని నాకు ఎవరూ చెప్పాల్సిన అవసరం రాలేదు.

మన పిల్లలకి ఆ అనుభవం ల్యాబులోనే కలగాలి. ప్రోగ్రాం మళ్లీ వాళ్ల చేతికి రావాలి, ఇంకొకరి చేతిలో పడాలి, అనుకోని ఇన్‌పుట్ తగలాలి. నేను చేసే మార్పులన్నీ దీని చుట్టూ తిరిగేవే.

మొదటి ల్యాబులోనే నేను సిలబస్‌లో లేని చిన్న ప్రోగ్రాం ఒకటి ఇస్తాను: అటెండెన్స్ లెక్క. మన దగ్గర ఈ రూల్ తెలియని విద్యార్థి ఉండడు. 75 శాతం ఉంటే పరీక్ష రాయొచ్చు, 65 నుంచి 75 లోపు అయితే కండొనేషన్ (ఫీజు కట్టి మినహాయింపు తెచ్చుకోవడం), అంతకంటే తక్కువైతే డిటెన్షన్ (పరీక్ష రాయనివ్వరు). హాజరైన క్లాసులు, మొత్తం క్లాసులు ఇన్‌పుట్‌గా తీసుకుని ఈ మూడింట్లో ఏదో చెప్పాలి. పది నిమిషాల్లో సగం మంది చేతులెత్తుతారు.

ఒకసారి వెనక వరసలో కుర్రాడు అందరికంటే ముందు పిలిచాడు. 60కి 60 ఇచ్చాడు, స్క్రీన్ మీద 100 వచ్చింది. ‘కరెక్టే కదా సార్’ అన్నాడు. 60కి 45 ఇవ్వమన్నాను. సున్నా శాతం, డిటెయిన్డ్ అని వచ్చింది. పక్కవాడు ‘ఒరేయ్, నిన్ను డిటెయిన్ చేసేసిందిరా’ అన్నాడు. ఆ కుర్రాడు మళ్లీ 45 కొట్టాడు, మళ్లీ సున్నా. తర్వాత 59 కొట్టాడు, అప్పుడూ సున్నానే. ‘సార్, ఒక్క క్లాసు పోతే సున్నా ఏంటి సార్’ అని నిజంగానే కంగారు పడ్డాడు.

సంగతి మీకు తెలిసిందే. సి లాంగ్వేజ్‌లో రెండు పూర్ణాంకాల భాగహారం చేస్తే దశాంశ భాగం పోతుంది. 45ని 60తో భాగిస్తే సున్నా, దాన్ని 100తో గుణించినా సున్నానే. 60కి 60 అయితే మాత్రం ఒకటి వస్తుంది, 100 చూపిస్తుంది. అతను ఎంచుకున్న ఒక్క ఇన్‌పుట్టూ తప్పును దాచిపెట్టేదే అయింది. ఈ ముక్క ఫస్ట్ ఇయర్‌లో అతను పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాడు. తెలిసిన విషయం ఉపయోగపడాల్సిన చోట గుర్తుకు రాలేదు, అంతే.

అక్కడితో ఆపలేదు. ఫ్లోట్‌లోకి, అంటే దశాంశాలు పట్టే రకంలోకి మార్చాడు. ఈసారి 240కి 179 ఇవ్వమన్నాను. శాతాన్ని దశాంశాలు లేకుండా ప్రింట్ చేయిస్తున్నాడు కాబట్టి స్క్రీన్ మీద ‘హాజరు 75 శాతం, కండొనేషన్ కట్టాలి’ అని వచ్చింది. అసలు విలువ 74.58. చూపించేటప్పుడు 75 అయింది, పోల్చేటప్పుడు 75 కాలేదు. క్లాసు మొత్తాన్ని ఆ సిస్టం చుట్టూ పిలిచి అడిగాను: ఇందులో ఏది తప్పు? సగం మంది ప్రింట్ తప్పన్నారు, సగం మంది ‘పాపం సార్, 75 ఇచ్చెయ్యొచ్చు కదా’ అన్నారు. దానికి జవాబు కంప్యూటర్ దగ్గర దొరకదు, అకడమిక్ సెక్షన్‌కి వెళ్లి అడగాలి. రూల్ ఏమిటో తేలకుండా ప్రోగ్రాం తప్పో ఒప్పో చెప్పలేమని వాళ్లకి ఆ రోజు అర్థమైంది. రిక్వైర్‌మెంట్ అనే మాటకి నేను వేరే నిర్వచనం చెప్పాల్సిన పని లేకపోయింది.

అప్పుడు ముందు వరసలో ఒక అమ్మాయి అడిగింది: ‘సార్, అసలు భాగించడం ఎందుకు? హాజరైన క్లాసుల్ని 100తో, మొత్తాన్ని 75తో గుణించి పోల్చితే సరిపోదా?’ సరిపోతుంది. 17,900 ఒక పక్క, 18,000 ఒక పక్క. రౌండింగ్ గొడవే లేదు. ఆ పరిష్కారం చూసి నాకు చాలా సంతోషమైంది. అయినా ఆమెనే సున్నాకి సున్నా ఇచ్చి చూడమన్నాను. క్లాసులు ఇంకా మొదలవని విద్యార్థి అన్నమాట. సున్నా, సున్నా సమానం కాబట్టి ‘పరీక్షకు అర్హత ఉంది’ అని వచ్చింది. తర్వాత 60కి 70 ఇస్తే కూడా అర్హతే. రెండిటికీ ఏం చెయ్యాలో వాళ్లే చర్చించుకున్నారు. పది లైన్ల ప్రోగ్రాం మీద గంటన్నర గడిచింది. ఆ గంటన్నర వృథా కాలేదని గట్టిగా చెప్తాను.

రెండో వారం నుంచి ఒక నియమం పెడతాను. కీబోర్డు ముట్టుకునే ముందు అబ్జర్వేషన్ బుక్‌లో కనీసం ఆరు ఇన్‌పుట్లు, వాటికి రావాల్సిన జవాబులు చేత్తో లెక్కగట్టి రాయాలి. నేను చూసి సంతకం పెడితేనే సిస్టం ఆన్ చెయ్యాలి. లింక్డ్ లిస్టులో (ఒక్కో నోడ్‌లో ఒక విలువ, తర్వాతి నోడ్ చిరునామా ఉండే గొలుసు) డిలీషన్ అయితే ఖాళీ లిస్టు, ఒకే నోడ్ ఉన్న లిస్టు, మొదటి నోడ్ తీసెయ్యడం, చివరిది, మధ్యలోది, అసలు లేని విలువ. స్టాక్ (చివర పెట్టిందే ముందు తీసే దొంతర) అయితే ఖాళీ స్టాక్ నుంచి పాప్, అంటే తియ్యడం, నిండిన స్టాక్‌లోకి పుష్, అంటే పెట్టడం. మొదట్లో అందరూ మామూలు ఇన్‌పుట్లే ఆరు రాస్తారు: 10, 20, 30 లిస్టులోంచి 20 తియ్యి, 40, 50, 60 లోంచి 50 తియ్యి. అవి ఆరు కావు, ఒక్కటే అని చెప్పి వెనక్కి పంపిస్తాను. మూడో వారానికి పిల్లలే ఒకరినొకరు ‘ఖాళీది రాశావా’ అని అడగడం వినిపిస్తుంది. ఈ ఒక్క అలవాటు వల్ల నా ల్యాబులో వచ్చినంత మార్పు ఇంకే దాని వల్లా రాలేదు.

మనం మామూలుగా ఇచ్చే ఇన్‌పుట్ల సంగతి కూడా చెప్పాలి. ఫ్యాక్టోరియల్ (1 నుంచి ఆ సంఖ్య దాకా అన్నీ గుణించడం) అంటే ఇన్‌పుట్ 5, ఔట్‌పుట్ 120. ఏ కాలేజీ రికార్డు తీసినా ఇంతే. చాలా ఏళ్లు మన ల్యాబులన్నీ టర్బో సి అనే పాత కంపైలర్ మీదే నడిచాయి. అందులో మామూలు పూర్ణాంకానికి 16 బిట్లే, గరిష్ఠం 32,767. అక్కడ 8 ఫ్యాక్టోరియల్ అడిగితే 40,320 బదులు మైనస్ 25,216 వస్తుంది. అదే ఔట్‌పుట్‌ని రికార్డులో అందంగా రాసి, కింద ‘ప్రోగ్రాం విజయవంతంగా ఎగ్జిక్యూట్ అయింది’ అని రిజల్ట్ రాసిన పేజీలు నేను చూశాను, పైన సంతకం కూడా ఉంది. ఇప్పటి జీసీసీ కంపైలర్‌లో 32 బిట్లు కాబట్టి 12 దాకా బాగానే ఉంటుంది. 13 ఇస్తే అసలు జవాబు 622 కోట్లు దాటాలి, స్క్రీన్ మీద 193 కోట్ల చిల్లర వస్తుంది. కనీసం మైనస్ కూడా ఉండదు, చూడ్డానికి నిజమైన జవాబులాగే ఉంటుంది. అందుకే ఇది ఇంకా ప్రమాదం. ఈ రెండూ పిల్లలతో చేయించి, తర్వాత ఏరియాన్ 5 అనే యూరప్ రాకెట్ కథ చెప్పండి. 1996 జూన్ 4న ఫ్రెంచ్ గయానా నుంచి మొదటిసారి ఎగిరిన ఆ రాకెట్ 40 సెకన్లలోపే దారి తప్పి ధ్వంసమైంది. 64 బిట్ల దశాంశ సంఖ్యను 16 బిట్ల పూర్ణాంకంలోకి మార్చబోతే అందులో పట్టలేదు. ఆ కోడ్ అంతకుముందు ఏరియాన్ 4లో బాగా పనిచేసిందే. కొత్త రాకెట్ వేగం ఎక్కువ కావడంతో విలువ పెరిగింది. 8 ఫ్యాక్టోరియల్ కళ్లతో చూసిన పిల్లవాడికి ఈ కథ వెంటనే తలకెక్కుతుంది. ముందే చెప్తే పేపర్లో వార్తలా విని వదిలేస్తాడు.

ఇక రెండో మార్పు. మీకు దీన్నే ఎక్కువ సిఫార్సు చేస్తాను. ప్రోగ్రాంను రెండు వారాల తర్వాత తిరిగి తెరిపించండి, అదీ వేరేవాళ్ల చేత.

నేను ఇలా చేస్తాను. రెండో వారంలో స్టాక్ రాశారనుకోండి, నాలుగో వారంలో ల్యాబ్ మొదలవగానే ఎవరి స్టాక్ ఎవరికి వెళ్లాలో రోల్ నంబర్ల చీటీలు తీయిస్తాను. చేతికొచ్చిన ప్రోగ్రాంలో ఒక చిన్న మార్పు చెయ్యాలి: స్టాక్ నిండితే ఎర్రర్ ఇవ్వకుండా సైజు రెట్టింపు కావాలి. రాసినవాళ్లు నోరు విప్పకూడదు, మొదటి అరగంట. మొదటిసారి ఇది చేసిన రోజు గది అంతా గోల. ఒకడు లేచి ‘సార్, దీంట్లో టీ అని ఒకటి, టీటీ అని ఒకటి, టీ1 అని ఒకటి ఉన్నాయి సార్, ఏది టాప్?’ అన్నాడు. టాప్ అంటే స్టాక్‌లో అన్నిటికంటే పైనున్న స్థానం. రాసిన అమ్మాయి తల దించుకుంది. అరగంట అయ్యాక ఆమెను పిలిచి చెప్పమన్నాను. ఆమెకీ వెంటనే గుర్తు రాలేదు. రెండు నిమిషాలు చూసి ‘టీటీ టెంపరరీ సార్... కాదు సార్, టాపే’ అంది. ఎవరినీ తిట్టలేదు, మార్కులు తియ్యలేదు. తర్వాతి వారం ఆమె ప్రోగ్రాం చూస్తే ప్రతి పేరూ చదివితే అర్థమయ్యేలా ఉంది. కోడింగ్ స్టాండర్డ్స్ మీద ఆ రెండు క్లాసుల్లో మీరు చెప్పిందంతా ఆమె అరగంటలో తనంతట తానే తెలుసుకుంది.

ఒక జాగ్రత్త. బాగా రాసేవాళ్ల ప్రోగ్రాములు తెలుగు మీడియం నుంచి వచ్చి ఇంకా తడబడుతున్నవాళ్లకి పడేలా చీటీలు కొంచెం చూసి వెయ్యండి. మంచి కోడ్ చదవడం వాళ్లకి పెద్ద పాఠం. నాసిరకం కోడ్‌తో మొదటిసారే ఇరుక్కుంటే ‘నాకు రాదులే’ అనే భయం ముదురుతుంది. వేరియబుల్ పేర్లకి ఇంగ్లిష్ మాట తట్టకపోతే తెలుగు మాటనే ఇంగ్లిష్ అక్షరాల్లో పెట్టుకోమంటాను. హాజరు, మొత్తం, మిగిలినవి అని రాసుకున్నా నాకు అభ్యంతరం లేదు. అర్థమయ్యే తెలుగు పేరు అర్థం కాని ఎక్స్ కంటే ఎంతో మేలు. ప్లేస్‌మెంట్స్ వచ్చేసరికి ఇంగ్లిష్ మాటలు వాటంతట అవే వస్తాయి.

బైనరీ సెర్చ్, అంటే వరసలో పేర్చిన విలువల్లో ప్రతిసారీ సగం వదిలేస్తూ వెతకడం, మీ సిలబస్‌లో ఎలాగూ ఉంటుంది. దాన్ని ఒక్క వారంలో దాటెయ్యకండి. ఆ ఆల్గరిథం మొదట అచ్చులోకి వచ్చింది 1946లో. అన్ని సైజులకీ సరిగ్గా పనిచేసేది అచ్చయింది 1962లో అని కంప్యూటర్ శాస్త్రవేత్త డొనాల్డ్ నూత్ రాశారు. మధ్యలో పదహారేళ్లు. తర్వాత జాన్ బెంట్లీ అనే ఇంకో కంప్యూటర్ శాస్త్రవేత్త, ఉద్యోగాల్లో ఉన్న ప్రోగ్రామర్లకి క్లాసులు చెప్తూ దీన్నే రాయమన్నారు. రెండు గంటల టైమిచ్చినా నూటికి తొంభై మంది ప్రోగ్రాముల్లో తప్పులున్నాయి. ఇంతటితో అయిపోలేదు. 2006లో జాషువా బ్లాక్ ఒక సంగతి బయటపెట్టారు: జావా లైబ్రరీలో తాను రాసిన బైనరీ సెర్చ్‌లో తొమ్మిదేళ్లుగా ఒక తప్పు ఉంది. మధ్య స్థానం కోసం, వెతికే భాగం మొదలు (‘లో’), చివర (‘హై’) రెండూ కూడి రెండుతో భాగించే లైనే అది. మన రికార్డులన్నింట్లో ఉన్న లైను. అర్రే (విలువల వరస) చాలా పెద్దదైతే ఆ కూడిక 32 బిట్లలో పట్టే 214 కోట్లు దాటి మైనస్‌లోకి పోతుంది. ‘హై’ నుంచి ‘లో’ తీసేసి, సగం చేసి, దాన్ని ‘లో’కి కలిపితే సరిపోతుంది.

నేను పిల్లలకి ఈ చరిత్ర ముందు చెప్పను. ముందు రాయిస్తాను. ఖాళీ అర్రే, ఒకే విలువ ఉన్నది, అన్నిటికంటే చిన్నది వెతకడం, అన్నిటికంటే పెద్దది వెతకడం, ఒకే విలువ మూడుసార్లు ఉన్నది, ఇవన్నీ ఇప్పిస్తాను. సగానికి పైగా ప్రోగ్రాములు ఎక్కడో ఒకచోట ఆగకుండా తిరుగుతాయి. అప్పుడు ఈ కథ చెప్తే ‘మనమే కాదన్నమాట’ అనే ధైర్యం వస్తుంది, దానితో పాటు జాగ్రత్త కూడా వస్తుంది. నాకు రెండూ కావాలి. తప్పు చెయ్యడం తెలివితక్కువతనం అనుకునే పిల్లవాడు తప్పుని దాచుకుంటాడు. దాచుకున్నవాడికి మనం నేర్పగలిగేది ఏమీ ఉండదు.

తప్పులు పట్టుకోవడం గురించి ఇక్కడే చెప్తాను. ల్యాబులో ‘సార్, ఎర్రర్’ అని చెయ్యి లేవగానే మనం వెళ్లి, వాళ్ల భుజం మీదుగా చూసి, ఆ అక్షరం మార్చి వచ్చేస్తాం. 64 మంది ఉన్నప్పుడు ఇంకేం చేస్తాం అనిపిస్తుంది. కానీ ఆ నిమిషంలో నేర్చుకోవాల్సినవాడు చేతులు కట్టుకుని నిలబడ్డాడు, నేర్చుకున్నది మనం. నేను ఇప్పుడు ఎవరి కీబోర్డూ ముట్టుకోను. మూడు ప్రశ్నలు అడుగుతాను. ఏం రావాలి? ఏం వచ్చింది? ఏ లైను దాకా విలువలు సరిగ్గా ఉన్నాయి? మూడో దానికి జవాబు చెప్పాలంటే మధ్యమధ్యలో విలువలు ప్రింట్ చేసి చూడాలి, లేదా డీబగ్గర్‌లో ఒక్కో లైనూ నడిపించాలి. చూసి చెప్తాను సార్ అని కూర్చున్నవాళ్లలో చాలామంది మళ్లీ నన్ను పిలవరు, వాళ్లకే దొరికిపోతుంది. మొదటి నెల మీరు రాయిలా మారిపోయారని పిల్లలు అనుకుంటారు. ఓర్చుకోండి.

దొరికిన తప్పు ఊరికే పోకూడదు. అబ్జర్వేషన్ బుక్ చివరి నుంచి తిరగేసి ‘తప్పుల పేజీలు’ మొదలుపెట్టిస్తాను. తేదీ, ఏం జరిగింది, కారణం, కనిపెట్టడానికి ఎంతసేపు పట్టింది, అంతే. నూత్ తన టెక్ అనే టైప్‌సెట్టింగ్ ప్రోగ్రాం రాసేటప్పుడు 1978 నుంచి దొరికిన ప్రతి తప్పునీ ఇలా నమోదు చేసుకుని, 1989లో ఆ జాబితా మొత్తం అచ్చువేయించారు. అంతటివాడు దాచుకోలేదు, మనకి సిగ్గెందుకు అంటాను. వాట్స్ హంఫ్రీ అనే ఆయన ఐబీఎంలో చాలాకాలం పనిచేసి తర్వాత కార్నెగీ మెలన్‌లో ప్రోగ్రామర్ తన సమయాన్ని, తన తప్పుల్ని తనే రాసుకునే పద్ధతిని ఒక పూర్తి కోర్సుగా తయారుచేశారు. ఆ కోర్సు ఫారాలన్నీ మన ల్యాబుకి బరువు, నేను ప్రయత్నించి వదిలేశాను. నాలుగు గడులు చాలు. సెమిస్టర్ మధ్యలో ఒకసారి పిల్లల్నే తమ పేజీలు లెక్కపెట్టుకోమంటాను. ఒక అబ్బాయికి పందొమ్మిది తప్పుల్లో పదకొండు లూప్ ఒకసారి ఎక్కువో తక్కువో తిరగడమే. అప్పట్నుంచి ప్రతి లూప్ పక్కన మొదటి విలువ, చివరి విలువ పెన్సిల్‌తో రాసుకోవడం మొదలుపెట్టాడు. నేను చెప్పింది కాదు, అతనే కనిపెట్టుకున్న మందు.

సాధనాల గురించి ఎక్కువ చెప్పను. టర్బో సి ఇంకా ఉంటే వెంటనే తీసెయ్యండి, లినక్స్ మీద జీసీసీ ఉచితమే. ముఖ్యమైన వార్నింగులు చూపించే ‘వాల్’ (-Wall) ఆప్షన్ లేకుండా కంపైల్ చెయ్యనివ్వకండి. ఇఫ్‌లో రెండు ఈక్వల్స్ బదులు ఒకటి పెట్టడం, స్కాన్ఎఫ్‌లో యాంపర్‌శాండ్ మర్చిపోవడం, విలువ ఇవ్వని వేరియబుల్ వాడటం లాంటివి అదే పట్టిస్తుంది. అర్రే హద్దు దాటితే అక్కడికక్కడే ఆపి చెప్పే అడ్రస్ శానిటైజర్ కూడా జీసీసీలోనే ఉంది, లింక్డ్ లిస్టుల వారం నుంచి తప్పనిసరి చెయ్యండి. ప్రోగ్రాం పాత రూపాల్ని దాచిపెట్టే గిట్‌కి ఇంటర్నెట్ అక్కర్లేదు, ల్యాబులో నెట్ కట్ చేసినా సిస్టంలోనే నడుస్తుంది. పనిచేసే ప్రతి చిన్న మెట్టుకీ ఒక కమిట్ (అప్పటి రూపాన్ని దాచడం), పక్కన ఒక వాక్యం. ‘ఇందాక పనిచేసింది సార్, ఇప్పుడు పనిచెయ్యట్లేదు’ అనే మాట నా ల్యాబులో దాదాపు పోయింది.

మార్కుల సంగతి ముఖ్యం, ఎందుకంటే మార్కు ఎటు ఉంటే పిల్లలు అటే నడుస్తారు. ఇంటర్నల్స్‌లో మన చేతిలో ఉన్నదాంట్లోంచి కొంత భాగం ముందుగా రాసిన ఇన్‌పుట్లకి, కొంత ఇంకొకరి ప్రోగ్రాంలో తప్పు పట్టుకున్నందుకు పెట్టండి. ప్రోగ్రాం నడిచినందుకు మిగిలింది. 64 మంది కోడ్ ప్రతివారం చదవడం ఎవరివల్లా కాదు. వారానికి పది మందిని పిలిచి, ఒక్కొక్కరికి ఐదు నిమిషాలు, వాళ్ల ప్రోగ్రాంలో ఒక లైను చూపించి ‘ఇది తీసేస్తే ఏమవుతుంది?’ అని అడుగుతాను. ఎవరి వంతు ఎప్పుడో ముందు చెప్పను. రాసినవాడు జవాబు చెప్తాడు, కాపీ కొట్టినవాడు ఆ లైను మొదటిసారి చూస్తాడు.

చాట్‌జీపీటీ గురించి మీరు అడగలేదు కానీ అది వదిలేస్తే ఈ సమాధానం ఇవాళ్టికి పనికిరాదు. 2022 చివర్లో అది వచ్చాక నేను మొదట నిషేధం పెట్టాను. ఫోన్లు బయట పెట్టించాను. ఇంటికెళ్లి తెచ్చుకున్నారు, చేతిరాతతో సహా రికార్డు సిద్ధం. తర్వాత ఆలోచిస్తే, అది తెచ్చిచ్చేది ‘ఔట్‌పుట్ వచ్చే ప్రోగ్రాం’. మనం ఇన్నాళ్లూ మార్కులు వేసింది కూడా దానికే. సీనియర్ల రికార్డు చూసి రాసుకోవడం, ఫైనలియర్‌లో రెడీమేడ్ ప్రాజెక్టు కొనుక్కోవడం అంతకుముందు కూడా ఉన్నాయి. ఇప్పుడు సులువైంది, అంతే. అందుకని పద్ధతి మార్చాను. ఇంటి దగ్గర ఏది వాడుకున్నా సరే, ల్యాబుకి వచ్చాక చేత్తో ఆరు ఇన్‌పుట్లు రాయాలి, నేనిచ్చిన మార్పు నెట్ లేకుండా చెయ్యాలి, ఐదు నిమిషాల ప్రశ్నలకి నిలబడాలి. కొన్ని వారాలు నేనే చాట్‌జీపీటీ రాసిన ప్రోగ్రాం ప్రింట్ తీసి పంచి, ఇది ఏ ఇన్‌పుట్‌కి విరుగుతుందో చెప్పమంటాను. పిల్లలు దీన్ని పోటీలా తీసుకుంటారు. రేపు ఉద్యోగంలో వాళ్లు చెయ్యబోయే పనిలో పెద్ద భాగం ఇదే, ఇంకొకరో ఇంకొకటో రాసిన కోడ్‌ని నమ్మొచ్చా లేదా తేల్చడం. ఒక్క విషయంలో మాత్రం గట్టిగా ఉంటాను. మొదటి సంవత్సరం పిల్లలు లూపులు, ఫంక్షన్లు, అర్రేలు సొంతంగా రాయడం వచ్చేదాకా దాని జోలికి పోకూడదు. తాము పది ప్రోగ్రాములు చెడగొట్టుకోనివాళ్లకి ఇంకొకరి ప్రోగ్రాం ఎక్కడ చెడిందో కనిపించదు.

మీకు రాబోయే అడ్డంకి నాకు తెలుసు, సిలబస్. 12 ప్రోగ్రాములు ఉన్నాయి, ఇలా చేస్తే అయిదే అవుతాయేమో అని హెచ్‌ఓడీ గారు అడుగుతారు. నన్నూ అడిగారు. మొదటి సెమిస్టర్‌లో నేను ఎనిమిది ప్రోగ్రాములు ఈ పద్ధతిలో పూర్తిగా చేయించి, మిగతా నాలుగు నేనే బోర్డు మీద రాసి, పిల్లలు ఇన్‌పుట్లు చెప్తుంటే నడిపించి చూపించాను. రికార్డు మాత్రం పన్నెండుకీ రాశారు, యూనివర్సిటీ అడిగేది కాబట్టి అందులో రాజీ లేదు. ఆ ఏడు ఎక్స్‌టర్నల్‌కి వచ్చిన మేడమ్, క్యూ ప్రోగ్రాం రాసిన అమ్మాయిని వైవాలో ఖాళీ క్యూ నుంచి తీస్తే ఏమవుతుందని అడిగారు. ఆ అమ్మాయి అబ్జర్వేషన్ బుక్ తెరిచి, ఆరింటిలో మొదటి ఇన్‌పుట్ అదేనని చూపించి, రన్ చేసి చూపించింది. హెచ్‌ఓడీ గారు పక్కనే ఉన్నారు. తర్వాతి సెమిస్టర్ నుంచి నన్ను సిలబస్ గురించి అడగలేదు.

వచ్చే వారం మీరు అన్నీ ఒకేసారి మొదలుపెట్టకండి. ముందు అటెండెన్స్ ప్రోగ్రాం ఇవ్వండి, 60కి 60 కొట్టేవాడి కోసం ఎదురుచూడండి. దానికి ముందు మీ కాలేజీ అకడమిక్ సెక్షన్‌లో 74.58ని ఏమంటారో ఒకసారి కనుక్కుని పెట్టుకోండి, పిల్లలు తప్పకుండా అడుగుతారు. చీటీల పద్ధతి నాలుగో వారం దాకా ఆగొచ్చు. చేశాక ఏ చోట ఇబ్బంది వచ్చిందో ఇక్కడే రాయండి, ముఖ్యంగా తప్పుల పేజీలు పిల్లలు నిజాయితీగా రాస్తున్నారా లేదా అన్నది. అది నాకు కూడా కుదరడానికి రెండు సెమిస్టర్లు పట్టింది.